కారుచున్న కారు

మామిడి దిగివచ్చు దినములలో నూజివీటి రోడ్లు చూడవలయును. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట వైపుల నుండి చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి, కలెక్టరు కాయలను నింపుకొని బండ్లు నున్న మార్కెట్టునకు బారులు తీరుచుండును. వాని వెనుక తోటల యజమానుల కార్లు, షావుకార్ల కార్లు, బేరగాండ్ర కార్లు. ఇవి యన్నియు కదలిపోయిన పిదప, అవి నిలిచిన నేలను ఒక్కమారు పరికింపుడు. చోటుచోటున అరచేయి వెడల్పున నల్లని మరకలు కనబడును. ఒక్కొక్క మరకకు ఒక్కొక్క కారు కారణము. ఆ కారు యజమానికి ఆ సంగతి తెలియదు, తెలిసినను పట్టదు, పట్టినను ఏమి చేయవలయునో తోచదు.

ఈ విషయమున మనవారిలో రెండు తెగలు గలవు. మొదటి తెగవారు "కారిన మాత్రమున నేమి? ఇంకొక లీటరు పోయుదము" అందురు. రెండవ తెగవారు మరకను చూచిన మరునిమిషముననే కారును షెడ్డునకు తోలి, తాళపుచెవిని మెకానిక్కు చేతిలో పెట్టి, అతడు చెప్పినది వేదముగా గ్రహించి, అడిగినంత యిచ్చి వత్తురు. మొదటివారిది అలక్ష్యము, రెండవవారిది పరాధీనత. చదువుకొన్న గృహస్థుడు తన యింటి ముంగిట, చెట్టునీడన, ఒక ఆదివారపు ఉదయమున, తన కారులో నూనె ఎచ్చటనుండి వచ్చుచున్నదో తానే కనిపెట్టగలడని మా నమ్మకము. చిన్న పనియైనచో తానే చేసికొనగలడు. పెద్ద పనియైనచో ఎచ్చటి పనియో తెలిసికొని షెడ్డునకు పోగలడు. తెలిసి పోవుటకును తెలియక పోవుటకును గల భేదము, దస్తావేజును చదివి సంతకము చేయుటకును చదువక చేయుటకును గల భేదమంతటిది.

ముందుగా, ఇది అలక్ష్యము చేయదగిన విషయము కాదని చెప్పవలసియున్నది. చిన్న కారు ఇంజనులో నూనె మూడు లీటర్ల చుట్టుప్రక్కల ఉండును. డిప్ స్టిక్కుపై నుండు పై గీతకును క్రింది గీతకును నడుమ చాల కార్లలో ఇంచుమించు ఒక లీటరు. దినమునకు నాలుగు చుక్కలని తలంచినవాడు నెలకొకమారైనను ఆ కడ్డీని తీసి చూడడు. "తక్కువైనచో ఎఱ్ఱదీపము వెలుగును గదా" అని ధైర్యము. ఈ ధైర్యమే ఇంజన్లను చంపుచున్నది. ఆ ఎఱ్ఱదీపము నూనె మట్టమును తెలుపునది కాదు, నూనె ఒత్తిడిని తెలుపునది. పంపునకు అందవలసిన నూనె అందక, బేరింగులు ఎండుటకు సిద్ధమైన తరువాత గాని అది వెలుగదు. అది వెలిగిన క్షణమున బండిని ప్రక్కకు తీసి ఇంజనును ఆపవలయును. "ఊరు రెండు మైళ్లే గదా" అని నడిపినచో ఆ రెండు మైళ్లకు ఇంజను వెల చెల్లింపవలసివచ్చును. ఇక కారిన నూనె ఊరకుండునా? వేడెక్కిన పొగగొట్టముపై పడి కమురు వాసన కొట్టును, ఒక్కొక్కప్పుడు మంటయు పుట్టును. రబ్బరు బెల్టులను, ఇంజను క్రింది రబ్బరు దిమ్మెలను ఉబ్బించి చెడగొట్టును. మన తోటల బాటలలోని ఎఱ్ఱదుమ్ము ఆ నూనెకు అంటుకొని పెచ్చుకట్టి, ఇంజను వేడి వెలుపలికి పోనీయకుండ అడ్డుపడును, కారుచున్న చోటును కప్పిపుచ్చును.

ఈ అలక్ష్యమునకు పూర్వచరిత్ర యొకటి గలదు. 1950ల చివర నుండి 2014 వరకు మన దేశమున తయారైన అంబాసిడరు కారును ఎరుగనివారు మన పాఠకులలో అరుదు. దాని పాత 1489 సి.సి. పెట్రోలు ఇంజనులో, క్రాంకు ఇరుసు వెనుక కొనయందు నేటివలె రబ్బరు సీలు లేదు. ఇరుసు మీదనే మరచుట్టు గాడి చెక్కి, అది తిరుగుచున్నంతసేపు నూనెను లోనికి మరలించునట్లు అమర్చిరి. ఇంజను ఆగినచో ఆ ఏర్పాటును ఆగును. నాలుగు చుక్కలు జారును. అది ఆ యింజను పుట్టువు. "కార్లన్న తరువాత కారకుండునా" అను మన పెద్దల ఓర్పు ఆనాటి బండికి తగిన ఓర్పే. అదే మాటను నేటి కారు విషయమున వల్లించుట మాత్రము తగదు. నేటి ఇంజను కారకుండుటకే నిర్మింపబడినది. అది కారుచున్నదన్నచో ఏదియో ఒక సీలు గట్టిపడినది, ఒక ప్యాకింగు నలిగినది, ఒక బోల్టు వదులైనది, లేదా ఎవరో చేసిన పని సరిగా చేయలేదు.

అయిన, పడిన చుక్క ఇంజను నూనెయేనా? తెల్లని అట్టముక్క నొకదానిని రాత్రి ఇంజను క్రింద పరచి ఉదయమున చూచినచో సగము సందేహము తీరును. రంగు లేక, వాసన లేక, వేలికి జిడ్డు తగులనిచో అది ఏ.సి. నీరు, దానికై దిగులు పడనక్కర లేదు. ఆకుపచ్చగానో గులాబీ రంగుగానో ఉండి తీయని వాసన కొట్టినచో రేడియేటరులోని కూలెంటు. పలుచనై, పసిమి తిరిగి, చక్రముల దాపున కనబడినచో బ్రేకు నూనె కావచ్చును. అట్టిచో కారును నడుపనే కూడదు. గోధుమవన్నెయో నలుపో అయి, వ్రేళ్ల నడుమ జారుచు, డిప్ స్టిక్కుపైని నూనెతో సరిపోలినచో అది ఇంజను నూనె.

చుక్క పడిన చోటికి సరిగా పైననే రంధ్రమున్నదని తలంచుట చాలమంది చేయు పొరపాటు. నూనె పైన పుట్టి క్రిందికి పాకును; బండి నడచుచుండగా గాలి దానిని వెనుకకు నెట్టును; నేటి కార్లలో ఇంజను అడుగున నుండు ప్లాస్టికు తొడుగు దానిని పట్టి, ఎక్కడనో ఒక మూల జారవిడుచును. మా న్యాయస్థానముల భాషలో చెప్పినచో, చుక్క వట్టి విన్నమాట చెప్పు సాక్షి; కన్న సాక్షి పైన నున్నాడు. మా వృత్తిలో నేరము జరిగిన చోటి గురుతులను తుడుచుట శిక్షార్హము. ఈ విచారణ మాత్రము గురుతులను తుడుచుటతోనే ప్రారంభము కావలయును. ఇంజను చల్లారిన పిదప ఆల్టర్నేటరు, గాలి పీల్చు గొట్టము, ఫ్యూజుల పెట్టె, వీనిని ప్లాస్టికు సంచులతో కప్పి, జిడ్డు వదల్చు ద్రావకమును కుంచెతో పూసి, తడిగుడ్డలతో తుడిచి, బాగుగా ఆరనీయవలయును. కొందరు పెట్రోలుతో కడుగుదురు. అది ప్రాణములతో చెలగాటము. సర్వీసు స్టేషనులలోని నీటి తుపాకి దెబ్బకు వైర్ల ముడులలోనికి నీరు చొచ్చును గావున అదియు వలదు. ఆరిన ఇంజనుపై అనుమానము గల చోట్ల ముఖమునకు పూసికొను తెల్లని పౌడరును పలుచగా చల్లి, పది నిమిషములు ఇంజనును నడిపి, ఆపి, దీపము పట్టి చూడుడు. తెలుపులో నల్లని గీత కనబడును. ఆ గీత పైకొన ఎచ్చట నున్నదో, దోషమచ్చట. మొదటి దినమున కనబడనిచో రెండు మూడు దినములు నడిపి చూడవలయును. తొందర పనికిరాదు.

మేమెరిగిన తోట యజమాని యొకరి కారుకు, క్లచ్చి హౌసింగు అడుగునుండి నూనె కారుచుండెను. ఒక షెడ్డులో చూపగా, "క్రాంకు వెనుక సీలు పోయినది; గేరుబాక్సు దింపవలయును; ఎట్లును దింపుచున్నాము గనుక క్లచ్చి ప్లేట్లు కూడ మార్చుట మంచిది" అనిరి. కాయ కోత నడుమ కారును నాలుగు దినములు వదలలేక ఆయన వెనుదీసి, మేము చెప్పగా ఇంటిలో కడిగించి పౌడరు చల్లించిరి. గీత ట్యాపెట్ కవరు వెనుక మూలనుండి పుట్టి, ఇంజను ప్రక్కనుండి దిగి, సరిగా క్లచ్చి హౌసింగు అడుగున చుక్కగా కూడుచున్నది. కావలసినది ఒక రబ్బరు ప్యాకింగు, ఒక పూట శ్రమ. ఆ షెడ్డువారు మోసగించిరని మేము అనుట లేదు. కడుగక చూచిరి, అంతియే. వెనుక సీలు దోషమని తీర్పు చెప్పుటకు ముందు ట్యాపెట్ కవరును, నూనె ఒత్తిడి స్విచ్చిని, ఫిల్టరును విచారింపక పోవుట మన ప్రాంతమున నిత్యము జరుగుచున్న పని. ఆ తొందరపాటు ఖర్చును మోయువాడు యజమాని.

ట్యాపెట్ కవరు ప్యాకింగును మార్చుట ఓర్పుగల యే గృహస్థుడైనను నేర్వదగిన పని. కారు క్రిందికి దూరవలసిన అవసరమే లేదు. చల్లని ఇంజనుపై, బ్యాటరీ మైనసు తీగను విప్పి, పైనున్న వైర్లను గొట్టములను చేతి ఫోనుతో ఫొటో తీసికొని విప్పవలయును. మరల బిగించునప్పుడు ఆ ఫొటోయే గురువు. బోల్టులను అంచులనుండి నడిమికి కొంచెము కొంచెముగా వదులు చేయవలయును. కవరు అంటుకొని రానిచో స్క్రూడ్రైవరును సందున దూర్చి పెకలింపరాదు. అల్యూమినియము ముఖముపై గీటు పడినచో క్రొత్త ప్యాకింగు కూడ కారును. పాత రబ్బరు ముక్క యొక్కటియు మిగులకుండ, లోనికి ఒక్క నలుసు పడకుండ రెండు ముఖములను శుభ్రపరచి, క్రొత్త ప్యాకింగును గాడిలో పొడిగా కూర్చుండబెట్టవలయును. మన షెడ్లలో పేస్టు పూత యొక జాడ్యము. రబ్బరు ప్యాకింగు చుట్టును వేలెడు మందమున పూయుదురు. లోపలికి ఉబ్బిన పేస్టు తునిగి, నూనెలో కొట్టుకొనిపోయి, పంపు జల్లెడకు అడ్డుపడును. కారుటను ఆపబోయి ఇంజను గొంతు నులిమినట్లగును. కంపెనీ పుస్తకము ఏ మూలల చెప్పినదో ఆ మూలలనే, పెసరగింజంత, అంతకు మించి కూడదు. బిగింపు నడిమినుండి అంచులకు, రెండు మూడు దఫాలుగా. ఈ చిన్న బోల్టులకు బిగువు చాల ఇంజన్లలో పది న్యూటన్ మీటర్ల చుట్టుప్రక్కలనే యుండును. సరియైన అంకె ఆ కారు పుస్తకములో చూడవలయును, కొలతపానాతో బిగింపవలయును. "ఇంకొక పట్టు పట్టినచో గట్టిగా నుండును" అని బలము చూపినచో కవరు వంగును, బోల్టు తెగును.

దీనికంటెను ముఖ్యమైన మాట యొకటి మిగిలియున్నది. షెడ్లలో తరచుగా మరచునదియు ఇదియే. మండిన వాయువులలో కొంత పిస్టను రింగులను దాటి ఇంజను లోపలికి దిగుచుండును. దానిని బ్రీదరు అను గొట్టము బయటికి తీసి, ఇంజను పీల్చు గాలిలో మరల కలుపును. ఆ గొట్టమో దాని వాల్వో మడ్డితో పూడినచో లోపల ఒత్తిడి పెరిగి, ఏ సీలు బలహీనమో ఆ సీలుగుండ నూనెను వెలుపలికి త్రోయును. అప్పుడు ఒక ప్యాకింగు మార్చినచో కొన్నాళ్లకు మరియొకటి కారును. అదియు మార్చినచో ఇంకొకటి. "ఈ కారు జాతకమే యింత" అని విసిగి కారు నమ్మివేసినవారిని మేమెరుగుదుము. ఏ సీలు మార్చినను ముందు బ్రీదరును విప్పి కడుగుట విధిగా పెట్టుకొనవలయును. బ్రీదరు శుభ్రముగా నున్నను ఇంజను నడచుచుండగా నూనె పోయు మూతగుండ గాలి బలముగా తన్నుచున్నచో, దోషము రింగులలో నున్నది. అది ఇంటి పని కాదు.

డ్రెయిన్ బోల్టు, ఫిల్టరు కారుట తరచుగా నూనె మార్చిన వెంటనే కనబడును. బోల్టు క్రింది రాగి లేక అల్యూమినియము వాషరు నలిగి సందు మూయుటకై పుట్టినది. ఒకమారు నలిగినదానిని మరల వాడుట కక్కుర్తి. ఫిల్టరు విప్పినప్పుడు పాత రబ్బరు చుట్టు ఇంజనుకే అంటుకొని మిగులవచ్చును; దానిపై క్రొత్త ఫిల్టరు బిగించినచో రెండు చుట్లు జారి, నూనె ఒక్క పెట్టున బయటికి పోవును. వేలితో తడిమి చూచుట ఒక క్షణము పని.

ఇంటిలో చేయరాని పనులును గలవు. క్రాంకు ముందు వెనుక సీళ్లు, టైమింగు కవరు, టర్బో నూనె గొట్టములు, వీని జోలికి పోరాదు. కారు క్రిందికి దూరవలసివచ్చినచో, కారుతో వచ్చిన జాకీ చక్రము మార్చుటకే గాని మనిషిని కాపాడుటకు కాదని గుర్తుంచుకొనవలయును. ఇటుకలపై నిలుపుట మరియు ప్రమాదము. ఇటుక చెప్పకయే పగులును. గట్టి నేలపై, చక్రములకు అడ్డుకట్టలు వేసి, ఇనుప స్టాండ్లపై కారు బరువు దింపిన గాని తల క్రిందికి పోనీయరాదు. స్టాండ్లు లేనివారు ఆ పని చేయకుండుటయే మేలు. వేడి నూనె చర్మమును కాల్చును, వేచియుండుడు.

ఇంతయు చదివి "మన కారు మనము విప్పినచో వారంటీ పోవును గదా" అని కొందరు శంకింతురు. ఈ శంకకు న్యాయవాదులుగా మేము కొంత సమాధానము చెప్పగలము. ఒక వినియోగదారుని ఫిర్యాదు 2011లో భారత పోటీ కమిషను ముందునకు వచ్చెను. విడిభాగములను, దోషమును కనుగొను పరికరములను బయటి మెకానిక్కులకు దక్కనీయక తమ గుప్పిట నుంచుకొనుట ద్వారా మోటారు కంపెనీలు తమ ఆధిక్యమును దుర్వినియోగము చేసినవని కమిషను 2014 ఆగస్టు 25వ తేదీన తీర్పు చెప్పి, 14 కంపెనీలపై సుమారు 2,544 కోట్ల రూపాయల జుల్మానా విధించినది. బయటి మెకానిక్కు చేయి పడినంత మాత్రముననే వారంటీ యావత్తును రద్దుచేయు షరతు కూడదని కూడ ఆదేశించినది. అప్పీళ్లు నడచినవి, 2016లో అప్పీలు ట్రిబ్యునలు మూడు కంపెనీల విషయమున తప్పును స్థిరపరచి జుల్మానాను మాత్రము తగ్గించినది. 2022లో కేంద్ర ప్రభుత్వము మరమ్మతు హక్కును గూర్చి ఒక సంఘము నేర్పరచి, ఆ సంవత్సరము డిసెంబరులో ఒక పోర్టలును తెరచినది. మోటారు వాహనములును అందలి రంగములలో నొకటి. ఇందువలన వారంటీలో నున్న కారును ఇంటిలో విప్పుమని మేము చెప్పుట లేదు. వారంటీ యున్నంతవరకు చుక్క కనబడగానే కంపెనీవారికి వ్రాతమూలముగా తెలిపి, అట్టముక్క ఫొటోను జతచేసి, వారి ఖర్చుతోనే బాగుచేయించుకొనుట తెలివి. వారంటీ గడచిన పిదప మాత్రము, చట్టము తెరచిన తలుపును మనము భయముతో మూసికొని కూర్చుండుట ఏల?

మెకానిక్కులపై మాకు చిన్నచూపు లేదని ఇచ్చట చెప్పుట న్యాయము. బెజవాడ ఆటోనగరులో బడికి పోక పానా పట్టి నేర్చిన చేతులు, పట్టాలు గలవారికి లేని తెలివిని కలిగియున్నవి. శబ్దము విని దోషము చెప్పువారిని మేము చూచితిమి. అట్టివారికి ప్రశ్న వేయగల యజమాని శత్రువు కాడు. "ఎచ్చట కారుచున్నదో చూపుము, విప్పిన సీలును నాకిమ్ము" అని అడుగువానిని చూచి మంచి పనివాడు సంతోషించును. విప్పిన సీలును చేత పట్టి చూచినచో గట్టిపడి పెళుసెక్కినదో, మొదటినుండి సరిగా కూర్చుండలేదో మీకే తెలియును. అసలైన భాగమును బిల్లుతో కొనుట, పాతదానిని అడిగి తీసికొనుట, ఈ రెండు అలవాట్లు మన ప్రాంతమున వ్యాపించినచో నకిలీ ప్యాకింగుల వర్తకము చాల వరకు తగ్గును.

తీసిన నూనెను ఏమి చేయుదురు? మురుగుకాలువలో పోయుదురు, కొందరు చెదలకు మందని కంచె గుంజలకే గాక మామిడి మొదళ్లకును పూయుదురు. ఆ నల్లని నూనెలో ఇంజను అరిగిన లోహపు రజను, మండిన మసి, ఇతర విషములు గలవు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నిబంధనలలో వాడిన నూనెయు చేరియున్నది. 2024 ఏప్రిలు నుండి దానిని మరల సేకరించి శుద్ధి చేయించు బాధ్యత నూనె తయారీదారులపైనే పెట్టిరి. క్రొత్త నూనె వచ్చిన డబ్బాలోనే పాతది నింపి మూతవేసి, సేకరించు వర్క్‌షాపునకు ఇచ్చుట కష్టము కాదు. రసము పండించు నేలకు ఈ రసము పోయనేల?

ఇక మన పఠనాలయములకు ఒక మనవి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన నాటినుండి మన గ్రంథాలయములు తెలుగువారికి తెలుగులోనే లోకజ్ఞానమును పంచినవి. కావ్యములు, నవలలు, పత్రికలు నేడును బీరువాలలో నున్నవి. కారు ఇంజను నిర్మాణమును, మరమ్మతును బొమ్మలతో తెలుగున వివరించు పుస్తకము మాత్రము మా ప్రాంతపు పఠనాలయములలో మేము చూచినంతవరకు లేదు. నూజివీటనే 2008 నుండి రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణము గలదు. పల్లెలనుండి వచ్చి ఇంజనీరింగు చదువుచున్న తెలుగు బిడ్డలు అందున్నారు. మన కార్యదర్శులు వారిని, వారి అధ్యాపకులను ఆహ్వానించి, ఆటోనగరు పనివారి నొకరిద్దరిని వారి సరసన కూర్చుండబెట్టి, ఏబది పుటలకు మించని చిన్న పుస్తకమును వ్రాయింపవలయును. ట్యాపెట్ కవరు, బ్రీదరు, ఫిల్టరు, డ్రెయిన్ బోల్టు, ఈ నాలుగింటితో మొదలిడినను చాలును. దానితోబాటు ఒక కొలతపానాను, రెండు ఇనుప స్టాండ్లను పఠనాలయపు సొత్తుగా కొని, పుస్తకమువలెనే సంతకము పుచ్చుకొని ఇంటికి ఇచ్చు నియమము పెట్టవలయును. వచ్చు కాయకోతకు ముందు జరుగు కార్యవర్గ సమావేశమున ఏ పఠనాలయమైనను ఈ తీర్మానమును ప్రతిపాదించినచో, మా వంతు చందాను మొదటనే చెల్లించుటకు సిద్ధముగా నున్నాము.